గీతల్లేని బొటనవేలు

ఇవాళ మా పాప స్టాంపు ప్యాడు మీద వేళ్ళు అద్ది గోడంతా ఊదా మచ్చలు చేసింది. తుడవబోయి ఆగాను. ప్రతి మచ్చలోనూ సన్నని గీతలున్నాయో లేదో వంగి చూశాను.

నా ఆరేళ్ళప్పుడు, పొదుపు సంఘం ఆడవాళ్ళకు ఖాతాలు తెరవడానికి బ్యాంకాయన మా ఊరి బడికి వచ్చాడు. అమ్మ జీడిపిక్కలు ఒలిచే కూలీ. పిక్కల పెంకులోని రసం వేళ్ళ చర్మాన్ని తినేస్తుంది. అమ్మ బొటనవేలు అద్దితే కాగితం మీద నున్నటి మచ్చ పడింది.

"ఏంటమ్మా, గీతలే లేవు?" అన్నాడాయన.

"దెయ్యాలకే గీతలుండవంటండి! మా వదినతో జాగ్రత్తండి!" అంది పక్కింటి సూరమ్మత్త. అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. నేను మాత్రం అమ్మ పాదాలు ఎటు తిరిగున్నాయో చూశాను; చీర కుచ్చిళ్ళ కింద కనబడలేదు.

సంఘమంతా సాక్ష్యం చెబితే ఖాతా తెరిచారు. తిరిగొచ్చేటప్పుడు అమ్మ సంబరంగా చెయ్యి చాపింది. నేను పట్టుకోలేదు. అమ్మ చీరలో ఎవరో నా పక్కన నడుస్తున్నారు. మరి మా అమ్మ ఎక్కడుంది?

ఆ సాయంత్రం ఆమె అన్నం కలిపి ముద్ద పెట్టబోతే నోరు బిగించుకున్నాను. అమ్మ తన వేళ్ళు వాసన చూసుకుంది. జీడి కంపు పోలేదనుకుంది కాబోలు, లేచి వెళ్ళి బూడిదతో మళ్ళీ చేతులు తోముకుంది.