ఖాళీ సంచితో ఎల్బీ నగర్‌కి, హారన్ మోగితే ఆగే అమ్మాయిల దగ్గరికి

ఈసారి ప్రయాణం గుట్టకో, జలపాతానికో కాదు. సామాను మోసుకురమ్మని మా అక్క పంపితే వెళ్లాను. అక్క కూతురు స్వప్న దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి, దగ్గర్లోని ఆడపిల్లల కాలేజీలో మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ చదివింది. పరీక్షలు అయిపోయాయి. "పని దొరికితే ఉండు, దొరకకుంటే సామాను సదురుకొని ఇంటికి రా" అని అక్క ముందే తేల్చి చెప్పింది. ఆ పని సంగతి మొన్న రెండో శనివారం తేలాల్సి ఉంది. ఎల్బీ నగర్‌లో పిల్లల కథలు రికార్డు చేసే ఒక చిన్న స్టూడియోలో స్వప్నకు ఆ రోజు గొంతు పరీక్ష. అది పోతే మా నకిరేకల్‌లో బావ స్నేహితుడి మొబైల్ షాపులో బిల్లులు కొట్టే కుర్చీ ఆమె కోసం ఎదురుచూస్తోంది. అదేమీ చెడ్డ పని కాదు. కానీ ఆ ఊసెత్తితే చాలు, మాట్లాడడమే చదువుగా చదివిన పిల్ల ఫోన్లో మూగబోతుంది.

అక్కకు ఇంకో అనుమానం కూడా ఉంది. "ఎప్పుడు ఫోన్ జేసినా క్లబ్బుల ఉన్న అంటది. గా క్లబ్బుల ఏం జేస్తరో జర చూసి రా" అంది. మా ఇళ్లలో క్లబ్బంటే పేకాట ఒక్కటే తెలుసు మరి. నా సంగతి చెప్పాలంటే, పక్కింట్లో కొత్త కుక్కర్ విజిల్ వేసినా వెళ్లి చూసొచ్చే రకాన్ని. పెద్ద జిప్పు సంచి ఒకటి ఖాళీగా మడిచి చంకన పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను.

సూర్యాపేట వైపు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ బస్సులు మా ఊరి మీదుగానే వెళ్తాయి. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్. జిరాక్సు కాగితం చూపిస్తే కండక్టర్ మొహం మాడ్చుకుంటుంది కాబట్టి అసలు కార్డే పెట్టుకోండి. నేను ఎక్కిన బస్సులో కండక్టరమ్మ మాటకారి. "సంచి ఖాళీగ ఉంది, పట్నం నుంచి ఏం దెస్తున్నవక్కా?" అంది. "మా పిల్లను" అన్నాను. "పిల్ల పట్టదు గాని, బట్టలు పడ్తయ్ తియ్" అని నవ్వింది. చౌటుప్పల్ దాకా హాయిగా వచ్చి, హయత్‌నగర్ నుంచి బస్సు నడక మొదలుపెట్టింది. రెండున్నర గంటలు పట్టిందనుకోండి. ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషన్, ముప్పై రూపాయల లోపే. కిటికీలోంచి చూస్తే కింద హారన్ల సముద్రం, పైన చల్లటి ఏసీ. ఆ హారన్లతో నాకు ఆ రోజు ఇంత పని పడుతుందని అప్పుడు తెలియదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో సందు సందుకీ హాస్టల్ బోర్డులే, వాటి మీద కోచింగ్ సెంటర్ల బోర్డులు. స్వప్న గేటు దగ్గరే నిలబడి ఉంది. చుడీదార్ మీద నీలం కోటు, భుజాలు జారిపోతున్నాయి. "ఎవరిదే ఈ కోటు?" అన్నాను. "క్లబ్బుది చిన్నమ్మా" అంది. కాలేజీ మీడియా క్లబ్బుకు ఉన్న ఒకే ఒక ఆస్తి అట అది. ఎప్పుడో సీనియర్లు చందాలేసుకుని కొన్నారు. ఎవరికి ఇంటర్వ్యూ ఉంటే వాళ్లు తొడుక్కుని వెళ్లాలి. ఎవరి కొలతకు వాళ్లు పిన్నీసులు పెట్టుకుని, తిరిగొచ్చాక ఆ పిన్నీసులు జేబులోనే వదిలేయాలి. జేబులో చెయ్యి పెట్టి చూశాను, గుప్పెడు పిన్నీసులున్నాయి. పని దొరికిన వాళ్లవీ, దొరకని వాళ్లవీ కలిసే ఉన్నాయి. ఎందుకో ఆ గుప్పెడు తీసి చూస్తుంటే ఈ పిల్లల మీద నాకు ప్రేమ పుట్టింది.

క్లబ్బు ప్రెసిడెంటు శ్రావ్య కూడా అక్కడికే వచ్చింది. వాళ్ల తాతగారు భీమవరం వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారట, మాటలో ఇంకా ఆ యాస ఉంది. క్లబ్బులో ఏం చేస్తారని నేను పోలీసులా అడుగుతుంటే ఓపిగ్గా చెప్పింది. రోజూ పేపర్ గట్టిగా చదవడం, ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకోవడం, ఉద్యోగాల్లో చేరిన అక్కలు వచ్చి తప్పులు దిద్దడం. "శనివారం మాత్రం రోడ్డు క్లాసండీ ఆంటీ. మీరే చూద్దురుగాని రండి" అంది. ముగ్గురం ఆటో మాట్లాడుకున్నాం, నూట ఇరవై అన్నవాడు వందకు దిగాడు. ఎల్బీ నగర్ అనగానే డ్రైవర్ వెనక్కి తిరిగి, "శనివారం పిల్లలా? మీరొస్తే మావోళ్లు కావాల్నని కొడ్తరు హారన్" అన్నాడు. "కొట్టమనండన్నా, మాకు అదే కావాలి" అంది శ్రావ్య. నాకు ఏమీ అర్థం కాలేదు.

ఎల్బీ నగర్ బస్టాపులో మెట్రో స్తంభం పక్కన, అప్పటికే చేరిన క్లబ్బు పిల్లలు చేసే పని చూశాక అర్థమైంది. ఒకమ్మాయి ఫోన్ పట్టుకుంటుంది, ఇంకో అమ్మాయి దాని ముందు నిలబడి, చుట్టూ కనబడేది వార్తలా మూడు నిమిషాలు చెప్పాలి. హారన్ మోగితే దాని మీద అరవకూడదు. నోరు మూసుకుని, మొహంలో చిరాకు పడకుండా, మోత అయ్యేదాకా ఆగాలి. ఆగాక ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి అందుకోవాలి. అరిచిన వాళ్లు అందరికీ మిర్చి బజ్జీలు కొనాలి. క్లబ్బులో చేరిన మొదటి శనివారం నుంచీ ఇదే రూలట. నల్గొండ, నల్గొండ అని అరిచే వాళ్లు, బ్యాగులు లాక్కెళ్లే వాళ్లు, "ఏ చానెల్ బిడ్డా?" అని అడిగే ముసలాయన, వీళ్లందరి మధ్యా స్వప్న నిలబడి మాట్లాడింది. మా ఇంట్లో చుట్టాలొస్తే వంటింట్లో దాక్కునే పిల్ల! హారన్ మోగినప్పుడల్లా ఆగింది, నవ్వింది, మళ్లీ అందుకుంది. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. నాకు గర్వంతో కడుపు నిండిపోయింది, అయినా హారన్ మీద అరిచి ఓడిపోయిన జూనియర్ పిల్ల కొన్న బజ్జీలు నాలుగు తిన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, ఈ ఊరి మోతను ఇంత ఓపిగ్గా భరించిన నోటికి పని దొరక్కుండా ఎలా ఉంటుందని ధీమాగా స్టూడియో మెట్లెక్కాను.

స్టూడియో అంటే మిఠాయి దుకాణం పైన రెండు గదులు. గోడలకంతా నల్ల స్పాంజి అతికించి ఉంది. నడిపేది ఒక పెద్దావిడ, మెల్లగా మాట్లాడే మనిషి. పిల్లలు రాత్రి వింటూ పడుకునే కథలు చేస్తారట. స్వప్నను లోపలి గదిలో మైకు ముందు కూర్చోబెట్టి, వానంటే భయపడే కప్ప కథ ఒక పేజీ ఇచ్చారు. బయట స్పీకర్లో మేం వింటున్నాం. మొదటి వాక్యం చక్కగా వచ్చింది. రెండో వాక్యం మధ్యలో ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. మూడో దాంట్లో మళ్లీ ఆగింది. కప్ప చెరువు గట్టు దాటడం లేదు. శ్రావ్య చేత్తో నోరు మూసుకుంది.

"ఎందుకాగుతున్నవమ్మా? దమ్ము అందుతలేదా?" అని మేడం అడిగారు.

"హారన్... హారన్ కోసం మేడం" అంది స్వప్న.

"ఏ హారన్?"

నిజమే, ఆ గదిలో ఈగ మోత కూడా లేదు. మూడేళ్లు హారన్ల మధ్య నేర్చుకున్న గొంతు, హారన్ లేకపోయేసరికి దానికోసం ఎదురుచూస్తోంది. మేడం కోప్పడలేదు. "గొంతు మంచిగుంది. కని గిట్ల ఆగితే పిల్లలు పండుకోరు, లేస్తరు. నేను ఐదింటి దాంక ఉంట, పోయి జర నిమ్మలమై రా" అన్నారు.

మెట్ల మీద స్వప్న కూలబడింది. కోటు పిన్నీసు ఊడి భుజం జారింది. "అలవాటొక్కటే కాదు చిన్నమ్మా. రోడ్డు మీద ఎవరు వింటర్? తప్పు చదివినా హారన్ల కల్సిపోతది. లోపట నా దమ్ము గూడ నాకు ఇనొస్తుంది. భయమైంది" అంది. తర్వాత నా చంకలోని ఖాళీ సంచి వైపు చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. సంచిని వెనక్కి దాచుకున్నాను, అదేదో దొంగసొత్తయినట్టు.

నిశ్శబ్దంలో చదివే సాధన కావాలి, అంతే. కానీ శనివారం మధ్యాహ్నం ఎల్బీ నగర్‌లో నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? మిఠాయి దుకాణం వెనక గ్రైండర్. పార్కులో మైకు. సరూర్‌నగర్ చెరువు కట్టకు వెళ్దామంటే రానుపోను టైము సరిపోదు. అప్పుడు శ్రావ్యకు తట్టింది. "హాస్టల్లో మనం రగ్గు కప్పుకుని రికార్డు చేస్తాం కదే, బయట చప్పుడు పడకుండా. రగ్గు లేకపోతే పరుపులు!" అంది. పక్క సందులోనే పరుపుల దుకాణం ఉంది. గోడలా పేర్చిన పరుపుల మధ్యకు వెళ్లి నిలబడితే రోడ్డు ఎక్కడికో వెళ్లిపోయింది. దుకాణం ఆయన ఫోన్ పక్కన పెట్టి, "సింగిలా, డబులా?" అని లేచాడు. "కొనడానికి కాదండీ, కాసేపు చదువుకోవడానికి" అని శ్రావ్య నిజమే చెప్పింది. ఆయన మా ముగ్గురినీ, ఆ కోటునూ చూసి, "చదువుకోండ్రి, గిరాకి ఒస్తే లేవాలె" అని మళ్లీ ఫోన్ తీసుకున్నాడు.

స్వప్న ఫోన్లో ఫొటో తీసుకున్న పేజీ తెరిచింది. వినడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అని నేను ఎదురుగా ఒక పరుపు మీద కూర్చున్నాను. మొదటిసారి ఆగింది. రెండోసారి కూడా ఆగింది. "నువ్వు చదువు బిడ్డా, నేను ఇంటున్న" అని కాస్త వెనక్కి వాలాను. తెల్లవారుజామున లేచిన ఒళ్లు, నాలుగు బజ్జీలు, కొత్త పరుపు. కప్ప చెరువు గట్టు ఎక్కడం వరకూ నాకు గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి ముగ్గురూ నన్నే చూస్తున్నారు. స్వప్న కళ్లనిండా నీళ్లు, నవ్వు కూడా. "పేజీ మొత్తం చదివిన చిన్నమ్మా. ఒక్కసారి గూడ ఆగలే!"

"ఎట్ల?"

"నువ్వు నిద్రపోయినవ్. మెల్లగ చదివిన. ఆగితే లేస్తవేమోనని ఆగలే."

దుకాణం ఆయన తల ఊపుతూ, "పరుపు చూస్తందుకు మస్తు మంది ఒస్తరు గాని, గురక బెట్టింది మీరొక్కలే" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయి ఒక దిండు కొన్నాను. మూడు వందలన్నాడు, బేరమాడే మొహం లేక ఇచ్చేశాను.

తిరిగి వెళ్లాక స్వప్న ఒకే ఒక్క మాట అడిగింది. "మేడం, మా చిన్నమ్మ లోపట కూసుంటే ఏమన్న అయితదా?" మేడం ఒప్పుకున్నారు. చప్పుడు చేస్తాయని నా గాజులు తీయించి, ఒక మూల కూర్చోబెట్టారు. కళ్లు మూసుకున్నాను. ఈసారి నిద్ర రాలేదు. స్వప్న గొంతు నాకోసమే అన్నట్టు వచ్చింది. మధ్యలో ఒక మాట తడబడింది. ఊపిరి పీల్చుకుని, ఆ వాక్యం మొదటి నుంచి అందుకుని సాగిపోయింది. కప్ప వానలో తడిసింది. కథ అయిపోయింది.

మేడం హెడ్‌ఫోన్స్ తీసి, "తప్పు పోయినప్పుడు ఎనకకు పోయి అందుకున్నవ్ చూడు, గది ఎవలు నేర్పిన్రు?" అని అడిగారు. స్వప్న శ్రావ్య వైపు చూసింది. "రోడ్డు మేడం" అంది. మేడం నవ్వి, "సోమవారం నుంచి రా. మూడు నెలలు నేర్చుకుంట చెయ్యి. జీతం తక్కువనే, హాస్టల్ ఖర్చు ఎల్లుతది" అన్నారు. మెట్ల మీద ఆ ఇద్దరమ్మాయిలూ ఒకరినొకరు వాటేసుకుని గెంతారు. తర్వాత స్వప్న కోటు విప్పి, పిన్నీసులు తీసి, ఒక్కొక్కటిగా జేబులో వేసి శ్రావ్యకు ఇచ్చేసింది.

సాయంత్రం బస్టాపులో నిలబడి అక్కకు ఫోన్ చేశాను. "సంచి నిండిందా?" అంది ఎత్తగానే. ఏమైందని అడగడానికి ఆమెకు ధైర్యం లేదు, నాకు తెలుసు. "అక్కా, నీ బిడ్డ..." అన్నాను. మిర్యాలగూడ బస్సు చెవులు పగిలేలా హారన్ కొట్టింది. మామూలుగా అయితే దానికన్నా గట్టిగా అరిచేదాన్ని. నోరు మూసుకున్నాను. మోత అయ్యేదాకా ఆగాను. అవతల అక్క కూడా ఆగింది. "అక్కా, నీ బిడ్డ ఈడ్నే ఉంటది. పని దొరికింది. సంచిల దిండొక్కటే తెస్తున్న" అని మొదటి నుంచి చెప్పాను. "గా దిండు దానికియ్యకపోయినవ్, హాస్టల్ దిండు మెడ నొస్తదంటది" అంది అక్క. మా అక్క సంతోషం ఇలాగే వస్తుంది. హాస్టల్‌కి వెనక్కి వెళ్లి దిండు స్వప్నకు ఇచ్చి, సంచి ఖాళీగానే పట్టుకుని తర్వాతి బస్సెక్కాను.

దారంతా అదే ఆలోచించాను. గొంతు లేని వాళ్లకు గొంతు నేర్పడం ఒక విద్య అయితే, దాన్ని ఎక్కడ తగ్గించాలో తెలుసుకోవడం ఇంకో విద్య. మొదటిది ఆ క్లబ్బు రోడ్డు మీద నేర్పింది. రెండోది పరుపుల మధ్య, నిద్రపోతున్న ఒక మనిషి ముందు వచ్చింది. మన ఆడపిల్లలకు మాట్లాడు, గట్టిగా మాట్లాడు అని చెప్పేవాళ్లు ఇప్పుడిప్పుడే దొరుకుతున్నారు. వాళ్లు మెల్లగా మాట్లాడినా వినేవాళ్లం మాత్రం ఇంకా తక్కువే ఉన్నామేమో. క్లబ్బులో ఏం చేస్తారని అక్క అడిగితే, ఇప్పుడు నా దగ్గర జవాబుంది. ఒకరి మాట ఒకరు చివరిదాకా వింటారు.

ఇక మీలో ఎవరైనా పిల్లను చూడడానికో, కాలేజీలో చేర్చడానికో ఆ వైపు వెళ్తే ఒకటే సలహా. ఎల్బీ నగర్ బస్టాపు నుంచి ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తే హారన్ మీద అరవకండి. ఆగి, వాక్యం మొదటి నుంచి చెప్పండి. అవతలి వాళ్లు ఎక్కడికీ పోరు, మీ మాట కోసమే ఆగి ఉంటారు.