నిద్రలో మార్చిన పెన్ డ్రైవ్

ప్రత్తిపాడులో విత్తనాల కొట్లకీ పురుగుమందుల కొట్లకీ మధ్య మా నాన్న పెట్టించిన జెరాక్స్ కొట్లో నేను ఆరేళ్ళు కూర్చున్నాను. ఒక జెరాక్స్ మిషను, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు. గుంటూరులో మూడు నెలల కోర్సు చేసొచ్చానన్న గర్వం అదనం. పెన్ డ్రైవులు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఎవరైనా దాన్ని తిరగేసి దూర్చబోతే, అది మీ ఇంటి గొళ్ళెం కాదండీ అనేదాన్ని. నాకు నోరెక్కువని అందరికీ తెలుసు. అయినా దగ్గర్లో ఇంకో కంప్యూటరు లేదు కాబట్టి పడేవాళ్ళు.

ఎండాకాలం పగలు కరెంటు ఇష్టమొచ్చినప్పుడు పోయేది. అది పోగానే నేను కంప్యూటర్ని పడుకోబెట్టేదాన్ని. మేం ఆ మాటే అనేవాళ్ళం. అప్పుడు యూపీఎస్ బ్యాటరీ ఎక్కువసేపు ఆగేది. తెర నల్లబడినా, చేస్తున్న పని లోపల అలాగే ఉండేది. కరెంటు వచ్చాక లేపితే వదిలిన చోటి నుంచే మొదలెట్టేది. ఒక్కటే జాగ్రత్త. అది పడుకుని ఉండగా, పెట్టిన పెన్ డ్రైవు తీసి ఇంకొకటి పెట్టకూడదు. లేచాక కూడా పాతదే ఉందనుకుని, దానిమీద రాయాల్సింది కొత్తదాని మీద రాసేస్తుంది. కోర్సులో సారు ఈ సంగతి రెండుసార్లు చెప్పారు. నేను నోట్సులో దానికింద గీత కూడా గీసుకున్నాను.

చర్చి పక్క పల్లెలో ఒక రిటైరైన మాస్టారు ఉండేవారు. మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. నా నోటికి జడవకుండా, పైగా నవ్వుతూ కూర్చునేది ఆయనొక్కరే. పల్లెలో పెద్దవాళ్ళందరి ఫోటోలూ తీసి, కింద వాళ్ళ పేరూ చేసిన పనీ రాసి, చిన్న పుస్తకం వేయించాలని ఆయన కోరిక. జన్మంతా మా చేలల్లో పత్తి తీసి, మిరపకాయలు కోసినవాళ్ళు. చాలామందికి ఓటరు కార్డు మీద మసిబొమ్మ తప్ప ఫోటో లేదు. మాస్టారు చుట్టాలబ్బాయి కెమెరా అడిగి తెచ్చుకుని, ఇంటింటికీ తిరిగి తీశారు. అన్నీ పెన్ డ్రైవులోకి ఎక్కించి, కెమెరా ఖాళీ చేసి తిరిగి ఇచ్చేశారు. ఆ ఫోటోల్లో ఆయన అత్తగారిది ఒకటి. తీసిన నెలకే ఆ పెద్దావిడ పోయింది. ఆమెకి ఉన్నది ఆ ఒక్క ఫోటోనే.

ఆ రోజు విత్తనాల కొట్టాయన పెన్ డ్రైవు పెట్టి ఆయన కరపత్రం సరిచేస్తుంటే కరెంటు పోయింది. పడుకోబెట్టాను. మళ్ళీ వస్తానని ఆయన కొట్టుకి వెళ్ళాడు. ఈలోగా మాస్టారు వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. కరెంటు వచ్చేసరికి కొట్టు ముందు అయిదారుగురు పాస్‌పుస్తకాలు పట్టుకుని తొందరపెడుతున్నారు. తెర నల్లగానే ఉంది. నేను కొట్టాయన డ్రైవు లాగేసి, అదే చోట మాస్టారిది గుచ్చి, అప్పుడు లేపాను.

ఫోటోలు కనిపించలేదు. మాస్టారి డ్రైవులో వరసగా పత్తి విత్తనాల పేర్లు కనిపించాయి. ఒకదాన్ని నొక్కితే తెరుచుకోలేదు. తీసి మళ్ళీ పెడితే, ఈ డ్రైవు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడిగింది కంప్యూటరు. అంటే లోపల ఉన్నదంతా తుడిచేయడం. ఏం జరిగిందో నాకు ఆ క్షణమే అర్థమైంది. సారు గొంతు కూడా వినిపించింది. తెరని నావైపు తిప్పుకున్నాను. అవును అని నొక్కాను. గుంటూరు తీసుకెళ్ళి ఎవరికైనా చూపిస్తే కొన్నయినా దొరికేవేమో. ఆ ఆలోచన రాకపోలేదు. చూపిస్తే ఆ విత్తనాల పేర్లు కూడా దొరుకుతాయన్న ఆలోచన దానికంటే ముందొచ్చింది.

అప్పుడు మాస్టారి వైపు తిరిగి ఒకే ఒక్క ప్రశ్న వేశాను.

"ఇది ఎక్కడన్నా తడిసిందా మాస్టారూ?"

ఆయన ఆలోచించారు. ఆదివారం ఆరాధనకి గుడికి వేసుకెళ్ళిన చొక్కా జేబులో ఉండిందనీ, సోమవారం ఆ చొక్కా ఉతికారనీ, ఉతికాక డ్రైవు బల్లమీద కనిపించిందనీ చెప్పారు. అయితే నీళ్ళు వెళ్ళుంటాయండీ అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. నేను ఆ మద్దెలని తీసుకెళ్ళి ఇంకొకళ్ళ ఇంట్లో పెట్టాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నీ పని చెడగొట్టానమ్మా అని నాకే నచ్చచెప్పి వెళ్ళారు. విత్తనాల కొట్టాయనదయితే నేనిలా తప్పించుకోగలిగేదాన్ని కాదు. కొట్టు ముందు రభస చేసేవాడు. పల్లెవాళ్ళు మా ఇంటిమీదికి గొడవకి రారని నాకు తెలుసు. తెలిసే ఆ ప్రశ్న వేశాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

నాలుగు రోజుల తర్వాత మాస్టారి భార్య వచ్చింది. ఒక్కతే, మధ్యాహ్నం ఎండలో నడిచి. కొట్లో ఉన్నవాళ్ళు వెళ్ళేదాకా గుమ్మం పక్కనే నిలబడింది.

"జేబులు చూసే తడిపానమ్మా. ముందు తీసి బల్లమీద పెట్టినట్టే గుర్తు. ఆయనేమో ఏం పర్లేదంటారు, అన్నం మాత్రం సరిగ్గా తినట్లేదు. నువ్వు చదువుకున్నదానివి. నిజంగా నీళ్ళవల్లేనా?"

కొట్లో ఎవరూ లేరు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఆమె చేతులు చూశాను. సబ్బునీళ్ళకి వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడి, తడి చేతులతో పట్టుకున్నా ఒక్కోసారి అలా అవుతుందండీ అన్నాను. ఆమె తన చేతులు ఒకసారి చూసుకుని, మా అమ్మ మొహం నా చేతులతో నేనే కడిగేసుకున్నానమ్మా అంది. ఏడవలేదు. మంచినీళ్ళు ఇస్తే తాగి వెళ్ళింది.

మాస్టారు మళ్ళీ కెమెరా అడిగి తెచ్చుకుని ఉన్నవాళ్ళ ఫోటోలు తీశారు. ఈసారి పెన్ డ్రైవు పట్టుకుని ఆమే వచ్చింది. పాలిథిన్ కవర్లో చుట్టి, ఆ కవరు గుడ్డలో చుట్టి, గుడ్డని మందుల డబ్బాలో పెట్టి తెచ్చింది. వాళ్ళమ్మ ఫోటో ఉండాల్సిన చోట పేరు ఒక్కటే వేయమని మాస్టారు అన్నారని చెప్పింది. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి డ్రైవు తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

"పుస్తకం అయ్యేదాకా నీ దగ్గరే ఉంచమ్మా. మా ఇంట్లో నా చేతులు మంచివి కావు. నీ దగ్గరయితే భద్రంగా ఉంటది."

నేను ఆ డ్రైవు తీసుకున్నాను. సొరుగులో పెట్టి ఆమె చూస్తుండగా తాళం వేశాను. ఆమె బల్ల మీదుగా వంగి నా తలమీద చెయ్యి పెట్టింది. దేవుడు నీ చేతుల పనిని దీవించాలని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. అయిపోయాక, ఆమేన్ అనమ్మా అంది. అన్నాను.