ఖాళీ జేబుల చొక్కా

"అలా బిగబట్టకండి బాబూ. మీరు ఊపిరి పీలిస్తే నడుం ఒక కొలత వస్తోంది, వదిలితే ఇంకో కొలత వస్తోంది. మామూలుగా నిలబడండి. ఫోటో కోసం కాదు, బస్సు కోసం నిలబడినట్టు."

అద్దం ముందు చెక్కపీట మీద నిలబడ్డ మనిషి సిగ్గుపడుతూ పొట్ట వదిలేశాడు. కోటు నడుము దగ్గర వదులు చేయించుకోవడానికి వచ్చాడాయన. కుట్టుకొట్టు యజమానురాలు ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, రేకుడబ్బాలోంచి చిటికెడు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంది. అంతే, మాట బందు. ఆమె ఎడమ మణికట్టుకు సూదులు గుచ్చుకునే ఎర్రటి దూదిగుండు కట్టి ఉంది. దానిమీద ఒక్క సూదీ లేదు.

"ఇది చేతికే ఉండగా నోట్లో ఎందుకమ్మా? పొరపాటున మింగితే?" అన్నాడాయన.

నోరు నిండా ఇనుమున్న మనిషి ఏం చెబుతుంది? ఇస్త్రీబల్ల దగ్గర్నుంచి ఆమె భర్తే అందుకున్నాడు. "ఆ సూదుల జోలికి పోకండి సార్. మా ఇంట్లో ప్రశాంతత వాటిమీదే నిలబడింది. దేశంలో సూదుల ఫ్యాక్టరీలు చల్లగా ఉండాలని నేను రోజూ ప్రార్థన చేస్తాను."

ఆమె మొగుడికేసి ఒక చూపు చూసింది. చివరి సూది కోటుకు గుచ్చి, నోరు ఖాళీ అయ్యాక, తీరిగ్గా స్టూలు లాక్కుని కూర్చుంది.

"అడిగారు కాబట్టి చెప్తాను. అడక్కపోతే చెప్పేదాన్ని కాదు. అది కూడా ఈ సూదులు నేర్పిన బుద్ధే."

వీధిలో ఆమెను అందరూ సూదక్క అంటారు. సూది పనివల్ల వచ్చిన పేరని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి అది మాటవల్ల వచ్చింది.

ఒకప్పుడు ఆ మణికట్టు మీద సూదులు నిండుగా ఉండేవి, నోరు మాత్రం ఖాళీగా ఉండేది. చిన్నప్పటినుంచీ ఆమెకు అన్నీ భయాలే. ఉరుమంటే భయం, అప్పగించిన బట్ట పాడవుతుందేమోనని భయం, తలుపు ఎవరైనా గట్టిగా కొడితే భయం. యేసును నమ్ముకున్నాక ఆ భయం చేత్తో తీసేసినట్టు పోయింది. ఆ సంతోషం పాలపొంగులాంటిది, గిన్నెలో ఆగుతుందా? కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పేసేది. అందులోనూ ఆమె చేతిలో ఎవరికీ లేని సదుపాయం ఒకటుంది. ట్రయల్ కోసం పీట ఎక్కిన మనిషి ఎక్కడికి పోగలదు? చంక కింద నాలుగు సూదులు, నడుముకు ఆరు. చెయ్యి దించితే గుచ్చుకుంటుంది, వంగితే గుచ్చుకుంటుంది. ఇంకేం, సూదక్క సృష్టి దగ్గర మొదలుపెట్టి అంతిమ తీర్పుదాకా వచ్చేది. మధ్యలో ఎవరికైనా ఆవులింత వస్తే ఇంకో సూది గుచ్చేది.

"ఈ వీధిలో వదులు బట్టల ఫ్యాషన్ ఎలా వచ్చిందనుకున్నారు? ఈవిడ దగ్గర ట్రయల్‌కు నిలబడటంకంటే గోనెసంచి తొడుక్కోవడం నయమని," అన్నాడు భర్త.

"నువ్వు కాలర్ చూసుకో," అంది సూదక్క.

వీధి నవ్వితే ఆమెకు బాధలేదు. బాధంతా వదిన గురించే. వదినంటే భర్త అక్కగారు. ఊళ్లో బస్సు నడుపుతుంది. వెడల్పాటి భుజాలు, పెద్ద గొంతు, ఎదురొచ్చిన లారీవాడైనా సరే వెనక్కి తగ్గాల్సిందే. అలాంటి మనిషికి భర్త పోయాడు. పుట్టెడు దుఃఖంలో సగం చిక్కిపోయి, యూనిఫాం చొక్కా వేలాడుతోందని, కాస్త లోపలికి కుట్టించుకోవడానికి మరదలి దగ్గరికి వచ్చింది. పీట ఎక్కింది. సూదక్క సూదులు గుచ్చింది. నోరు ఊరుకుందా?

"బాధపడకండి వదినా. మిమ్మల్ని తనవైపు పిలవడానికే దేవుడు అన్నయ్యను తీసుకెళ్లాడు."

వదిన పీట దిగింది. సూదులు గుచ్చి ఉన్న చొక్కాతోనే గుమ్మం దాటింది. అలాగే వెళ్లి ఆ రోజంతా బస్సు నడిపింది. మళ్లీ ఈ కొట్టు గడప తొక్కలేదు. తమ్ముడు వెళితే అన్నం పెట్టేది, మరదలి పేరెత్తితే కంచం తీసేసేది. పాపం ఆయన బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది.

వదిన అలా వెళ్లిపోయిన సాయంత్రం సూదక్క మిషన్ మీద తలపెట్టి ఏడ్చింది. "ప్రభువా, ఈ నోరు నువ్వే కుట్టెయ్యి," అంది. దేవుడు నోరు కుట్టలేదు గానీ మర్నాడు పొద్దున్నే ఒకామె పీట ఎక్కగానే నాలుక దురద పెట్టింది చూడండి, చేతిలో ఉన్న సూదులు తీసి అలాగే నోట్లో పెట్టుకుంది. ఏడుపు మొహంతో, సూదుల నోటితో పని మొదలుపెట్టింది. అప్పుడు ఎన్నడూ జరగనిది ఒకటి జరిగింది. పీట మీది ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. కోడలి సంగతి, మోకాళ్ల సంగతి, నిద్రపట్టని సంగతి. మనుషులు ఎందుకు మాట్లాడతారో సూదక్కకు ఆ రోజే తెలిసింది. ఎదుటి మనిషి నోరు తీరికలేకుండా ఉంటే మాట్లాడతారు!

అక్కడినుంచి అదే పద్ధతి. సూదులన్నీ అయ్యేదాకా వినడం. అయ్యాక లోపల ప్రభువు చెప్పమంటే చెప్పడం, వద్దంటే "గురువారం రండి, అయిపోతుంది," అని పంపేయడం. ఇలా చెప్పిన కొద్ది మాటలకే ఇద్దరు ముగ్గురు ప్రార్థనకు వచ్చారు. వెనక గంటలకొద్దీ చెప్పినప్పుడు పిల్లి కూడా రాలేదు.

"లోపల చెప్పడమంటే? వినిపిస్తుందా?" అన్నాడు కోటు మనిషి.

సూదక్క కోటు అంచు కుట్టును వేలితో తడిమి చూపించింది. "చెవికి కాదు బాబూ. కుట్టు వంకర పోబోతుంటే కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది చూడండి. అలా."

అయినా వదిన రాలేదు. ఎంతమంది వచ్చినా ఆ ఒక్క పీట ఖాళీగానే ఉన్నట్టుండేది సూదక్కకు. చివరికి ఉండబట్టలేక ఒకరోజు తనే వదిన బస్సెక్కింది. వారం రోజులు అద్దం ముందు నిలబడి మాటలు పొందిక చేసుకుంది. క్షమాపణ ఇక్కడ, వాక్యం అక్కడ, చివర్లో ప్రార్థన. డ్రైవర్ వెనక సీట్లోనే కూర్చుంది. బస్సు నడిపే మనిషి కూడా పీట ఎక్కిన మనిషిలాంటిదే కదా, ఎక్కడికి పోతుంది?

అద్దంలో వదిన కళ్లు ఒకసారి ఆమెను చూసి రోడ్డు మీదికి వెళ్లిపోయాయి. సూదక్క గొంతు సవరించుకుంది. సరిగ్గా అప్పుడే లోపల తెలిసింది, మాట్లాడకు, చూడు అని.

"ఏం చూడను ప్రభువా? వీపు తప్ప ఏం కనిపించడంలేదు," అని విసుక్కుంది.

సరే, వీపే చూసింది. మలుపు వచ్చింది. వదిన రెండు చేతులూ పైకెత్తి స్టీరింగు తిప్పింది. చొక్కా మొత్తం చేతులతోపాటు పైకి లేచింది. చంక దగ్గర కుట్టు నోరు తెరుచుకుని ఉంది. దాన్ని ఒక పిన్నీసుతో పట్టి ఉంచింది. మలుపు తిరిగిన ప్రతిసారీ మొహం చిట్లించి, ఒక చేత్తో చొక్కా కిందికి లాక్కుంటోంది. మగవాళ్ల కొలతకు కత్తిరించిన చొక్కా అది. రోజంతా ఎన్ని మలుపులు, ఎన్నిసార్లు ఆ పిన్నీసు! తన సూదులకు తోడు ఇదొకటా అనుకుంది సూదక్క.

చివరి స్టాపులో దిగిపోతుంటే కిటికీలోంచి గొంతు వచ్చింది. "ఏం మరదలా, టికెట్టు కొన్నావు గదా, ప్రసంగం ఏదీ?"

"ఈ రోజు లేదు వదినా."

అన్నాళ్ల తర్వాత ఇద్దరి మధ్యా అవే మాటలు.

ఇంటికొస్తూనే యూనిఫాం గుడ్డ తెచ్చింది. ఆ భుజాల కొలత ఆమె కళ్లలోనే ఉంది. చంక కింద నాలుగు పలకల ముక్క ఒకటి విడిగా వేసింది. అది ఉంటే చెయ్యి ఆకాశానికెత్తినా చొక్కా కదలదు. కాజాలు చేత్తో కుట్టింది. భర్త ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి, అక్క ఇంటికి బయల్దేరాడు.

ఆయన వీధి చివరికి చేరాడో లేదో, వెనక నుంచి కేక. చూస్తే మెడలో టేపుతో, ఒక కాలికి చెప్పుతో పెళ్లాం పరిగెత్తుకొస్తోంది.

"ఆగండి! ఆ జేబు! జేబులో ఒక కరపత్రం పెట్టాను!"

"పెట్టావుగా, ఇంకేం?"

"తీసెయ్యమంటున్నాడు!"

"ఎవరు?"

"ఎవరేంటి!"

నడిరోడ్డు మీద పొట్లం విప్పి, మడిచిన కరపత్రం తీసి, రవికలో దోపుకుని వెనక్కి తిరిగింది. దారి పొడుగునా దేవుడితో పేచీ. "నీ గురించే కదా ప్రభువా అందులో ఉంది? నీ మంచికే కదా?" అటునుంచి తీసెయ్యమన్నదొక్కటే మాట.

తర్వాత ఎన్నో రోజులు గడిచాయి. వదిన నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. "తొడుక్కుందేమో అడగనా?" అనేవాడు భర్త. "నన్నెవరూ అడగమని చెప్పలేదు," అనేది సూదక్క. పైకి అలా అనేది గానీ, బస్సు హారను వినిపిస్తే చాలు, మిషన్ ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం గుమ్మంలో వెలుగు తగ్గింది. చూస్తే వదిన. ఒంటిమీద ఆ చొక్కా. చంకలో ఇంకో యూనిఫాం గుడ్డ. ఎవరి మొహమూ చూడకుండా తిన్నగా వచ్చి పీట ఎక్కింది.

"ఇలాంటిదే ఇంకోటి కావాలి. కొలత తీసుకో."

సూదక్క గుడ్డ ఆమె భుజాల మీద పరిచి, సూదులు తీసి నోట్లో పెట్టుకుని, నాలుగు గుడ్డకు గుచ్చింది.

"ఇది వచ్చిన రోజు ముందు జేబులు వెతికాను," అంది వదిన అద్దంలోకి చూస్తూ. "నీ సంగతి నాకు తెలీదా? లోపల కాగితం ఏదో దూర్చే ఉంటావు, చొక్కాతో సహా చించి పారేద్దామనుకున్నాను. రెండు జేబులూ ఖాళీ. మంచం మీద కూర్చుండిపోయాను. ఇదేంటి, ఈవిడ ఉత్తి చొక్కా పంపింది! నాకోసమే పంపింది!"

ఇస్త్రీబల్ల దగ్గర భర్త కదలడం మానేశాడు.

"చెయ్యి ఎత్తితే ఎక్కడా పట్టదు. తెలుసా? మలుపు తిప్పిన ప్రతిసారీ నువ్వే గుర్తొస్తావు. నిన్ను తిట్టుకుందామన్నా కుదరదు." వదిన గొంతు కాస్త తగ్గింది. "షిఫ్టు అయ్యాక బస్సు షెడ్లో పెట్టి కూర్చుంటాను. ఇంటికెళ్లి చేసేదేముంది? ఖాళీ సీట్లకేసి తిరిగి మాట్లాడతాను. మొదట్లో మీ అన్నయ్యతోనే అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. మీ అన్నయ్య అయితే రెండో మాటకే అడ్డొచ్చేవాడు. ఈ వినేవాడెవరో చివరిదాకా వింటున్నాడు. ఎవరో తెలీడంలేదు మరదలా."

సూదక్క నోట్లో మిగిలిన సూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టు మీది దూదిగుండుకు గుచ్చింది. కళ్లనిండా నీళ్లు, ఏ సూది ఎక్కడ దిగుతోందో కనిపించలేదు. ఇప్పుడు, అని లోపల తెలిసింది.

"ఆ రోజు నేనన్న మాట నాది వదినా. దేవుడిది కాదు. ఆయన పేరు పెట్టి నేనన్నాను. క్షమించండి. మీ మాట వింటున్నదెవరో నాకు తెలుసు. చెప్పనా?"

"చెప్పు. ముందు ఈ సూదులు తియ్యి. సూదులతో నిలబడి నీ మాట వినకూడదని ఒట్టు పెట్టుకున్నాను."

గుడ్డపీలికల మధ్య ఇద్దరూ నేలమీద కూర్చున్నారు. అద్దం ముందు పొందిక చేసుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. చనిపోయిన స్నేహితుణ్ని బతికించబోతూ, అతని సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడన్న సంగతి ఒక్కటే నోట వచ్చింది.

"ఏడ్చాడా? కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడా?"

"ఏడ్చాడు వదినా."

లారీవాళ్లను వెనక్కి పంపే ఆ మనిషి చిన్నపిల్లలా ఏడ్చింది. తర్వాత కళ్లు మూసుకుని, ఖాళీ బస్సులో మాట్లాడినట్టే, "ఇన్నాళ్లూ విన్నది నువ్వేనన్నమాట," అని మొదలుపెట్టింది. అదే ఆమె మొదటి ప్రార్థన. వెనక ఏదో మాడు వాసన వచ్చింది. తమ్ముడు ఇస్త్రీపెట్టె కాలర్ మీదే వదిలేసి నిలబడి ఏడుస్తున్నాడు.

"తెల్ల చొక్కా అది. ఆ కాలర్ ఈవిడే మార్చి కుట్టిచ్చింది పాపం," అన్నాడు భర్త ఇప్పుడు కోటు మనిషితో నవ్వుతూ.

బాప్తిస్మం రోజున వదిన డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది, యూనిఫాంలోనే. నీళ్లలోకి దిగేముందు అందరితో పాడుతూ, ఆ పెద్ద గొంతుతో అందరినీ ముంచేస్తూ, రెండు చేతులూ పైకెత్తింది. సంఘమంతా ఆమె మొహం చూసింది. సూదక్క చంక దగ్గర కుట్టు చూసింది.

"ఇంత కూడా లేవలేదు బాబూ," అని వేళ్లతో చూపించింది సూదక్క. ఆమె మొహం వెలిగిపోతోంది. "చేతులు అంత పైకి వెళ్లాయి, చొక్కా ఇంత కూడా కదల్లేదు. ఆ నాలుగు పలకల ముక్క ప్రభువు ఎందుకు వేయించాడో అప్పుడు తెలిసింది. నేనేమో స్టీరింగు కోసమనుకున్నాను."

బయట పెద్ద హారను మోగింది, గాజుతలుపు అదిరేలా. ఇస్త్రీబల్ల దగ్గర్నుంచి "మా అక్క," అన్నాడు భర్త గర్వంగా. రోజూ ఈ వేళకు కొట్టు ముందు స్టాపులో బస్సు ఆపి హారను కొట్టందే ఆమెకు రోజు గడవదు.

సూదక్క గబగబా కోటు విప్పించి, సుద్దగుర్తులు పెట్టి, కోటు మనిషి వీపు మీద చెయ్యి వేసి గుమ్మందాకా తోసింది.

"ఎక్కండి ఎక్కండి, మీదీ అటే కదా దారి. కోటు గురువారం. చూడండి బాబూ, డ్రైవర్ వెనక సీట్లో కూర్చోండి. ఆవిడకు నేను చెప్పానని చెప్పకండి, తెలిస్తే నవ్వుతుంది. మలుపు తిరిగేటప్పుడు మాత్రం ఎడమ చంక దగ్గర కుట్టు ఎక్కడైనా వదిలిందేమో కాస్త చూసి, గురువారం వచ్చినప్పుడు నాకు చెప్పండి."