ఆపరేటరమ్మ చదువుతుంటే వినిపించిన కీచు

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన ఆమెను వీధిలో ఇప్పటికీ అందరూ ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. ఖాళీగా కూర్చోవడం చేతకాని మనిషి. చూపు లేనివాళ్ల కోసం ఇంట్లోనే పుస్తకాలు చదివి రికార్డు చేసే పని పెట్టుకుంది. బీరువాకూ మంచానికీ మధ్య చిన్న బల్ల, దాని మీద కంప్యూటరు, మైకు. పుస్తకం తెర మీదే ఉంటుంది. మౌసుతో పేజీ జరుపుకుంటూ చదువుతుంది.

ఆరు అధ్యాయాలు పంపాక, వినేవాళ్లలో ఒకరైన సంగీతం టీచరు ఫోన్ చేసింది. ఆమెకు పుట్టుక నుంచీ చూపు లేదు. చదవడం బాగుందని మెచ్చుకుని, కాస్త మొహమాటపడుతూ, “పిన్నిగారూ, మీ గదిలో కీచురాయి గానీ దూరిందా?” అని అడిగింది.

ఆపరేటరమ్మ మనసు చివుక్కుమంది. హెడ్‌సెట్టు పెట్టీ పెట్టీ ఎడమ చెవి మందగించిన మాట నిజమే గానీ, లైన్లో గరగర ఉంటే ఇట్టే పట్టేస్తుందని ఒకప్పుడు పేరున్న మనిషి. లిఫ్టు మెకానిక్కుగా చేసిన భర్త మర్నాడు పొద్దున్నే బీరువా జరిపాడు, మంచం ఎత్తాడు, కిటికీ సందులు దులిపాడు. కీచురాయి కాదు కదా, చీమ కూడా దొరకలేదు.

ఆదివారం కోడలు వచ్చింది. ఆ అమ్మాయి రేడియో స్టేషన్లో రికార్డింగు చూస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అత్తగారిని పేజీ జరపమంది. జరిపినప్పుడల్లా కీచుమంటోంది, ఆపితే సన్నటి రొద మాత్రం మిగులుతోంది.

“పురుగు గదిలో లేదత్తయ్యా, కంప్యూటరు కడుపులో ఉంది,” అంది.

గొంతును అంకెలుగా మార్చే సౌండ్‌కార్డు అనే భాగం కంప్యూటరు లోపలే, మిగతా భాగాల కరెంటు రొద మధ్య ఇరుక్కుని ఉంటుందనీ, ఆ రొదే రికార్డింగులోకి పాకుతోందనీ వివరించింది. ఆ పనిని బయటే చేసే డబ్బా తన దగ్గర ఒకటి వాడకుండా పడి ఉందట.

మామగారు నమ్మలేదు. “అదే మైకు, అదే గొంతు. డబ్బా మారిస్తే ఒరిగేదేంటమ్మా?”

మర్నాడు కోడలు అరచేతిలో పట్టేంత డబ్బా తెచ్చి, ఒకే పేరాను లోపలిదాంతో ఒకసారి, బయటిదాంతో ఒకసారి చదివించి, ఏది ఏదో చెప్పకుండా టీచరుకు పంపింది. సాయంత్రం టీచరే ఫోన్ చేసింది.

“గొంతు రెండింట్లోనూ ఒకటే, పిన్నిగారూ. కాకపోతే రెండోదాంట్లో మీరు ఊపిరి పీల్చుకోవడం వినపడింది. పక్కనే కూర్చుని చదువుతున్నట్టుంది.”

రెండోదే డబ్బాది. మామగారు ఆ డబ్బా జారిపోకుండా బల్లకు చిన్న చెక్క బిగించాడు.

పాత అధ్యాయాలన్నీ మళ్లీ చదువుతానని ఆపరేటరమ్మ పట్టుబట్టింది. టీచరు వద్దంది, కథ మంచి పట్టులో ఆగిందనీ, ముందు ఏడోది పంపమనీ బతిమాలింది. చివరికి నాలుగోది ఒక్కటే మళ్లీ చదివింది. అందులో గొడవపడ్డ అక్కాచెల్లెళ్లు ఒకరితో ఒకరు మాట్లాడకుండా కూర్చునే ఘట్టం ఉంది. అక్కడ నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉండాలని ఆమె పంతం.

లోపలి సౌండ్‌కార్డేమీ మూలపడలేదు. చేసిన రికార్డు వినడానికి అది చాలంది కోడలు. ఇప్పుడు భోజనాలయ్యాక భర్త కంప్యూటరు ముందు కూర్చుని, భార్య చదివింది విని తప్పులు పడుతున్నాడు. నిన్న ‘శాఖ’ను ‘సాక’ అన్నావన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. వెనక్కి తిప్పి మూడుసార్లు విన్నారు. ఆయన మాటే నిజమైంది. ఆమె నవ్వుకుంటూ వెళ్లి మైకు ముందు కూర్చుంది.