రిబ్కా టీచరు కొత్త ఫోను

తిరువూరు బస్టాండు ఎదురుగా ఉన్న గిరిబాబు కొట్టులో ఎవరు ఫోను కొన్నా సీలు తీసేది గిరిబాబే. అద్దం అంటించి, ఖాతా తెరిచి, పాస్‌వర్డు తానే పెట్టి ఇస్తాడు. మరిచిపోతే నేనున్నానంటాడు. ఊరు దాన్ని మర్యాద అనుకుంది. పెనుగొలను బడిలో పాఠాలు చెప్పే రిబ్కా టీచరూ అలాగే అనుకుంది, లాయరును కలిసి వచ్చిన రోజు దాకా.

భర్త పోయాక విస్సన్నపేట మామిడితోటలో తన వాటా తేల్చుకోవడానికి ఆమె విజయవాడ వెళ్లింది. ఎవరికీ చెప్పలేదు. తిరుగు బస్సు దిగేసరికి మరిది స్టీఫెన్ స్టాండులో నిలబడి ఉన్నాడు. కోర్టు వెనక వీధిలో అంతసేపు ఏం పని పడిందని నవ్వుతూ అడిగాడు. ఆమె వాడుతున్న ఫోను కొనిచ్చింది అతనే. పాస్‌వర్డు గిరిబాబు అతనికే చెప్పాడు; అది తెలిస్తే ఫోను ఎక్కడుందో ఇంకో ఫోనులోంచి చూడొచ్చు. వారం తిరక్కుండా తోట చుట్టూ స్టీఫెన్ కంచె లేచింది.

కంప్యూటర్లు చదివిన అక్కకూతురు బ్లెస్సీ ఒక మోడలు పేరు చెప్పింది. కంపెనీ వేసిన తాళం తెరవనిచ్చే ఫోనైతే, ఉన్నదంతా తుడిచేసి, ఖాతా అడగని, జాడ చెప్పని మరో సిస్టమ్ ఎక్కించవచ్చట. వాయిదాల మీద మాత్రం వద్దంది. వాటిలో ఫైనాన్సు వాళ్ల తాళం కూడా ఉంటుంది.

ఊళ్లో ఆ మోడలు ఉన్నది గిరిబాబు కొట్లోనే. అతను వాయిదాల మీద ఇంకా పెద్దది ఇస్తానన్నాడు. రిబ్కా అదే మోడలు కావాలంది, సీలు తియ్యొద్దంది.

"సీలు తియ్యకుండా నా కొట్లోంచి ఫోను బయటికెళ్లదు టీచరుగారూ. రేపు పనిచెయ్యకపోతే నా మీద పడతారు. అయినా ఈ వయసులో దాచుకునే యవ్వారాలేంటండీ మీకు?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. గిరిబాబు ఆమె ఎదుటే స్టీఫెన్‌కు ఫోను చేశాడు. అతను బండి మీద వచ్చి, అసలు ఆమె అక్కడ లేనట్టే, ఖాతా పాతదే వేయమన్నాడు, పాస్‌వర్డు కూడా పాతదే పెట్టమన్నాడు.

రిబ్కా డబ్బు మొత్తం లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. అంతా అయ్యాక ఫోను చేతికి తీసుకుని, సెట్టింగుల్లో బ్లెస్సీ చెప్పిన మీట జరిపి చూసింది. కదిలింది. అంటే తాళం తెరుచుకుంటుంది. వీళ్లు ఏం పెట్టినా ఆ తుడుపులో పోయేదే.

"మా వదిన చెప్పిన మాట వింటుందిలే," అన్నాడు వెనకనుంచి స్టీఫెన్.

శనివారం బ్లెస్సీ వచ్చి ల్యాప్‌టాపుకు వైరు తగిలించింది. గిరిబాబు పెట్టిందంతా చెరిగిపోయింది.

ఆదివారం ఆరాధన ముగిసి, జనం గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్నారు. స్టీఫెన్ దగ్గరికొచ్చాడు.

"ఏం వదినా, ఫోను ఆపేశావా? నిన్నటినుంచి ఎక్కడున్నావో కనపడట్లేదు."

"ఆపలేదు స్టీఫెన్. ఇదిగో, చేతిలోనే ఉంది. నేనెక్కడున్నానో నీకు ఎందులో కనపడాలి?"

సంఘపెద్ద భార్య మాణిక్యమ్మ ఒక కాలికి చెప్పు తొడిగి అలాగే ఆగిపోయింది.

"మా ఇంట్లో ఫోన్లన్నీ గిరిబాబే పెట్టిచ్చాడే," అంది నెమ్మదిగా, స్టీఫెన్ వంకే చూస్తూ.

సోమవారం రిబ్కా సెలవు పెట్టి విజయవాడ వెళ్లింది. సాయంత్రం బస్సు దిగి చూస్తే స్టాండులో ఆమె కోసం ఎవరూ నిలబడి లేరు.