రైలు రాని చోట వెల్డా కిన్జర్

మా కౌంటీలో స్కూలు బస్సెక్కి పెద్దవాళ్లయిన వాళ్లందరికీ వెల్డా కిన్జర్ వీపు బాగా తెలుసు. ఆ వీపును చూస్తూనే మేం చదువుకున్న వాళ్లమయ్యాం. మొక్కజొన్న చేల మధ్య ఆమె నడిపిన పసుపు బస్సు ఏనాడూ వేగపరిమితి దాటలేదు. రైలు పట్టాలొస్తే ఆగేది. వెల్డా తలుపు తెరిచి, అటూ ఇటూ చూసి, చెవి ఒగ్గి విని, అప్పుడు కదిలేది. ఆ పట్టాల మీద రైళ్లు ఆగిపోయి చాలాకాలమైంది. అయితే ఆ సంగతి చట్టానికి ఎవరూ తెలియజేయలేదని ఆమె వాదన.

అటువంటి మనిషి రిటైరయ్యాక కార్వెట్ అనే ఎర్ర స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. "పసుపు రంగులో కూడా ఉందండీ" అన్న సేల్స్‌మన్‌ను ఆమె ఎంత తీక్షణంగా చూసిందంటే, ఆ పూట అతను ఇంకెవరికీ ఏ రంగూ చూపించలేదట.

ఈ కొనుగోలు ఆమె అన్న డెల్మార్ విశ్వాసాలను గాయపరిచింది. కుర్రతనం నుంచీ వేసవి శనివారాలన్నీ, పావు మైలు కార్ల పందేలు జరిగే డ్రాగ్ స్ట్రిప్‌కే అర్పించిన భక్తుడతను. అతని పాత కారులో కంపెనీవాళ్లు పెట్టినవాటిలో మిగిలింది ఒక్క తలుపు పిడి. షోరూమ్ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న బండి అతని దృష్టిలో పచ్చి మాంసంతో సమానం.

ఒక ఆదివారం చర్చి అయ్యాక, ఉడికించి మెదిపిన ఆలుగడ్డ మీద కోడి నూడుల్స్ పోసుకుంటూ డెల్మార్ మొదలెట్టాడు.

"అది మందుల షాపుకెళ్లే బండే వెల్డా. పావు మైలు పందేనికి పనికొచ్చేది కాదు."

"ఏం, పరిగెత్తదా?"

"ఎందుకు పరిగెత్తదూ! కాఫీ కప్పులు పెట్టే గూళ్లూ, వెచ్చబడే సీట్లూ అన్నీ మోసుకుంటూ పరిగెడుతుంది. శనివారం పందెంలో దింపి చూడు, మొదటి రౌండ్‌లోనే ఓడి ఇంటికొచ్చేస్తావు."

"రాకపోతే?"

"వస్తే ఆ బండి నాకమ్మెయ్. ఇంజన్ పీకి నా పికప్ ట్రక్కులో పెట్టుకుంటా."

"సరే, అమ్మేస్తా. రాకపోతే మాత్రం నా బండి గురించి మళ్లీ నోరెత్తకూడదు."

"ఇద్దరూ మెతుకు నోట్లో పెట్టుకుని మాట్లాడకండి" అంది డెల్మార్ భార్య లోరెట్టా. ఆ విధంగా ఒప్పందం సాక్షుల సమక్షంలో ఖరారైంది. కోపం చల్లారాక వెల్డా గరాజ్‌లోకెళ్లి కారు ముందు చాలాసేపు నిలబడిందని లోరెట్టాయే తర్వాత చెప్పింది.

శనివారం డ్రాగ్ స్ట్రిప్‌లో పందెపు బండ్లను తనిఖీ చేసినవాడు లైల్. ఒకప్పుడు ఆమె బస్సులో చివరి సీటు వాడు.

"మిస్ వెల్డా, లోపల కదిలే వస్తువులేం ఉండకూడదండీ."

ఆమె గొడుగూ, టిష్యూల డబ్బా, అద్దం మీద మంచు గీకే పలకా తీసి బయట పెట్టింది.

"జూలైలో మంచేంటండీ?"

"జూలై ఎల్లకాలం ఉంటుందా లైల్?"

పొద్దున సాధన పరుగుల్లో జరిగింది క్లుప్తంగా చెబుతాను. ట్రాక్ మొదట్లో నీళ్లు పోసి ఉంచిన చోట పందెపు టైర్లవాళ్లు చక్రాలు గిర్రున తిప్పి వేడెక్కించుకుంటారు. మామూలు టైర్లవాళ్లు పక్కనుంచి పోవాలి. వెల్డా నిదానంగా నీళ్ల మధ్యలోంచే వెళ్లి, చక్రాలు జారేలా ఆ తడి అంతా బయల్దేరే గీత దాకా మోసుకుపోయింది.

"ఆంటీ! కారు కడుక్కునేది అవతల వీధిలో!" అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు.

ఆ తర్వాత పచ్చ దీపం వెలిగింది. వెల్డా అద్దం దించింది. ఎడమకు చూసింది, కుడికి చూసింది, చెవి ఒగ్గి వింది. రైలేదీ రావడం లేదని రూఢి చేసుకున్నాక బయల్దేరింది. పక్క బండివాడు అప్పటికే సగం దూరంలో ఉన్నాడు. అయినా ఆ పరుగు నుంచి తిరిగొచ్చిన వెల్డా ముఖం చూసి, ఆ సంవత్సరాలన్నీ వీపు మాత్రమే చూసి ఎంత నష్టపోయామో మాకు తెలిసింది. ఆమె చిన్నపిల్లలా నవ్వుతోంది.

అసలు పందెంలో ఒక ధర్మసూక్ష్మం ఉంది. తన బండి ఎన్ని సెకన్లలో చేరుతుందో ఎవరికి వారు ముందే అద్దం మీద రాసుకోవాలి. నెమ్మది బండిని ముందు వదులుతారు. రాసిన దానికంటే వేగంగా పోయినవాడు ముందు చేరినా ఓడినట్టే. వెల్డా సాధనలో వచ్చిన అంకెనే నిజాయితీగా రాసింది. డెల్మార్ తన బండి సత్తా కన్నా కాస్త ఎక్కువ సమయం రాసుకున్నాడు. చివర్లో చెల్లెల్ని దాటి, బ్రేకు మీద కాలేసి, చెయ్యూపుతూ గీత దాటాలని అతని పథకం. అందుకోసం వరసలో బతిమాలుకుని మరీ మొదటి రౌండ్‌లో ఆమె పక్కన చేరాడు.

"నీ ఇంజన్ కోసం పికప్ కడిగించి వచ్చా" అన్నాడు హెల్మెట్ పెట్టుకుంటూ.

"మంచి పని. ఎప్పుడో చెయ్యాల్సింది" అంది వెల్డా.

ఆమె దీపం వెలిగింది. ఎడమా కుడీ చూసింది. లోరెట్టా కళ్లు మూసుకుంది. ఎర్ర బండి కదిలిందో లేదో డెల్మార్ బండి భూమి అదిరేలా దూకింది. దారి చివరకొచ్చేసరికి పక్కపక్కనే ఉన్నారు. డెల్మార్ ఆమె వైపు తిరిగాడు. ఆమె తిరగలేదు. ఒక్కసారి ఇటు చూస్తే చెయ్యూపుదామని అతను బ్రేకు సంగతి మరిచి యాక్సిలరేటర్ అలాగే తొక్కిపట్టాడు. ఆమె చూపు మాత్రం దారి మీదే ఉంది. ఈలోగా అతని బండి, అద్దం మీద రాసిన సమయం కన్నా ముందే గీత దాటిపోయింది.

గెలుపు దీపం వెల్డా వైపు వెలిగింది. మైకులో వ్యాఖ్యాత గొంతు బొంగురుపోయింది. "డెల్మార్ గారు అద్దం మీద రాసిన మాట తప్పారు! మిస్ వెల్డా, రెండో రౌండ్‌కి దయచెయ్యండి!" చెక్కబల్లల మీదున్న పాత బస్సు పిల్లలంతా, ఇప్పుడు బట్టతలలతో, లేచి నిలబడి కేకలేశారు.

"నువ్వెందుకు చూళ్లేదే?" డెల్మార్ ముఖం ఎర్రబడింది.

"పక్కన వేషాలేసేవాళ్లని చూడ్డం నా ఉద్యోగం కాదు డెల్మార్."

"ఒక్కసారి చూస్తే ఏం పోయేది?"

"నా బండి పోయేది."

అతను నోరు తెరిచాడు, ఒప్పందం గుర్తొచ్చి మూశాడు. లోరెట్టా నవ్వు ఆపుకోలేక చేతిలో నిమ్మరసం ఒలకబోసుకుంది.

రెండో రౌండ్‌లో వెల్డా ఎటూ చూడకూడదని ఒట్టేసుకుని, దీపం వెలగకముందే దూకి, ఒక మంగలి నడిపిన వ్యాను చేతిలో ఓడిపోయింది. దాంతో ఆమె సంతోషానికేమీ లోటు రాలేదు. సాయంత్రం మైదానంలో ఎర్ర కారు చుట్టూ మూడుసార్లు తిరిగిన డెల్మార్, దాని గురించి ఒక్క ముక్కా మాట్లాడకుండా, పక్క తలుపు తీసుకుని కూర్చున్నాడు.

"ఏంటిది?" అంది వెల్డా.

"నా బండి లోరెట్టా తీసుకొస్తుందిలే. ఈ సీటు ఎలా వెచ్చబడుతుందో చూపించు."