నాకు చదవొస్తే కొత్తది

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకు అన్నీ తెలుసని నమ్మేదాన్ని. శామీర్‌పేట చెరువు చేపలు ఏళ్ళ తరబడి గంపలో అమ్మి, మోకాళ్ళు మొరాయించాక సుచిత్ర దగ్గర వెబ్‌సైట్లు చేసే ఒక చిన్న ఆఫీసులో టీ పెట్టే పనికి చేరాను. అందరూ నన్ను చేపలక్క అనేవారు. నలభై దాటాక, వయోజనుల క్లాసులో అప్పుడప్పుడే అక్షరాలు పట్టుబడుతున్నాయి. (ఒత్తుల కన్నా చేప ముళ్ళు తీయడం సులువు.)

మా సారు శామీర్‌పేటలోని ఒక ఫంక్షన్ హాల్ వెబ్‌సైట్‌ను కొత్తగా చేసి, పాత కంప్యూటర్ నుంచి ఎక్కడో ఉన్న ఇంకో కంప్యూటర్‌కు మార్చారు. పేరు అదే, ఇల్లు మారింది. మర్నాడు పొద్దున్నే హాలు యజమాని పటేల్ వచ్చి కూర్చున్నాడు. "ఏంది సారూ, ఈడ కొత్తది వస్తాంది, మా ఊరి నెట్ సెంటర్ల పాతదే వస్తాంది. పొద్దుగూకేదాక జూస్త. రాకుంటే గీ పని ఇంకొకలకిస్త" అని వెళ్ళిపోయాడు. మా ఆఫీసులో అప్పుడున్న పెద్ద పని అదొక్కటే. అది పోతే నా టీ గిన్నె కూడా పోతుంది.

సారు నన్ను పిలిచారు. "చేపలక్కా, మేడ్చల్, శామీర్‌పేట నెట్ సెంటర్లకు వెళ్ళి చూసి ఫోన్ చెయ్యండి. పాతదంతా ఇంగ్లీషు. కొత్తదాని పైన పెద్ద తెలుగు అక్షరాలుంటాయి. మీకు చదవొస్తే కొత్తది, రాకపోతే పాతది." నా చదువును ఒకరు కొలతగా వాడటం అదే మొదలు. బస్సులో నిటారుగా కూర్చున్నాను.

మేడ్చల్‌లో చదవొచ్చింది. శామీర్‌పేటలో రాలేదు. నా చదువే దారిలో జారిపోయిందేమోనని అనుమానం వచ్చింది. (ఎదురుగోడ మీది సిమెంటు ప్రకటన చదివి చూసుకున్నాను. ఉంది.) ఫోన్ చేసి చెప్పాను.

"అయితే పాత అడ్రస్సే మళ్ళీ పెట్టేస్తానండీ" అన్నారు సారు నీరసంగా. "నెట్ ఇచ్చేవాళ్ళ కంప్యూటర్ మన వెబ్‌సైట్ ఇల్లెక్కడో ఒకసారి రాసిపెట్టుకుంటుంది. ఆ రాతకు గడువు తీరేదాకా మళ్ళీ అడగదు."

"ఎప్పుడు తీరుతది సార్?"

"సాయంత్రానికి తీరొచ్చు."

"అయితే ముట్టకుండ్రి. నేను బస్టాండు కాడి గంపను పెట్రోల్ బంకు కాడికి మార్చిన. రెండు దినాలు బేరం లేక పరేషానై మళ్ళ పాత జాగకే వోయిన. గప్పటికి సగం మందికి కొత్త జాగ తెలిసి ఆడికి వోయిండ్రు. రెండు దిక్కుల తిట్లు తిన్న. గంప కదిలియ్యకుండ్రి."

"సరే, కదిలించను" అన్నారు సారు.

సాయంత్రం దాకా అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. పటేల్ వచ్చి నిలబడ్డాడు. సెంటర్ నడిపే ఆవిడ పేజీని మళ్ళీ మళ్ళీ తెరిచింది. ఇంగ్లీషు, ఇంగ్లీషు, ఇంగ్లీషు. పొద్దు వాలుతుండగా తెర తెల్లబడి, పై నుంచి పేజీ మెల్లగా దిగింది.

"స్వా... గ... తం" అన్నాను గట్టిగా.

పటేల్ తెరను కాక నన్ను చూశాడు. "నీకు సదువొస్తదా?"

"వస్తది పటేలా. నాకు జర ఆలస్యంగ అందింది."

ఇప్పుడు కళ్ళద్దాలతో లావుపాటి నవలలే చదువుతున్నాను. అయినా గోడ మీద సిమెంటు ప్రకటన కనిపిస్తే ఆగిపోతాను. దాన్ని చదివి తన చదువును తడిమి చూసుకున్న ఆ చేపలక్క గుర్తొస్తుంది. ఎదురైతే చెప్పాలనుంది: అదెక్కడికీ పోలేదమ్మా, కూర్చో, టీ తాగు.